టెంకాయపాలు, అనాసపండు, రమ్ము: అతిథికి చెప్పవలసిన మాట
(విదురాశ్వత్థమున మన సంఘపు వారపు సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు వచ్చినవి. బెంగుళూరు నుండియు, దూరదేశముల నుండియు మన బిడ్డలు, మనుమలు, మనుమరాండ్రు ఇండ్లకు చేరుచున్నారు. వారితోపాటు వారక్కడ నేర్చిన రుచులును వచ్చుచున్నవి. గతవారము మన సభ్యురాలొకరు నన్ను దేవాలయ వీథిలో నిలిపి, "ఏమప్పా, మా మనమడు టెంకాయపాలు, అనాసపండు, రమ్ము కలిపి ఏందో చేస్తానంటాడు. అది ఇంట్లో చేసేదేనా? చేస్తే ఎట్ల చెయ్యల్ల?" అని అడిగిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ ప్రశ్నకు జవాబే నేటి నా ప్రసంగము.

ఈ స్థలమున ఈ మాటయా అని కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చును. వారి సంకోచము న్యాయమైనదే. ఒకవైపున అశ్వత్థనారాయణుని సన్నిధి, నాగప్రతిష్ఠలు. మరియొకవైపున 1938 ఏప్రిల్ 25వ తేదీన జెండా పట్టి నిలిచి, పోలీసు కాల్పులలో ప్రాణములర్పించిన వారి స్మారకము. ఆ సత్యాగ్రహులకు దారి చూపిన గాంధీ మహాత్ముడు 1941లో వ్రాసిన నిర్మాణ కార్యక్రమములో మద్యనిషేధమును ఒక ముఖ్యాంశముగా చేర్చియుండెను. ఇవన్నియు నెరిగియే నేను మాటాడుచున్నాను. ఎవరినిగాని త్రాగుడని ప్రోత్సహించుట నా ఉద్దేశము కాదు. ఆరోగ్యమునకు హాని లేదని చెప్పదగిన మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. మనలో మద్యము ముట్టని ఇండ్లు అనేకము. ఆ ఇండ్లకు ఈ పానీయము రమ్ము లేకయే పరిపూర్ణము. రమ్ము వాడు ఇండ్లును కొన్ని కలవు. చాటుగా, కొలత లేక చేయుటకంటె, తెలిసి, కొలిచి, చెప్పి చేయుట మేలు. ఇదియే నా వాదము.

ఈ వాదము నాకు పుస్తకముల వలన కలుగలేదు. నా తప్పు వలన కలిగినది. దానిని మీ యెదుట దాచను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట ఒక శుభకార్యము జరిగినది. సాయంకాలము మేడపై యువకులు ఈ పానీయమునే పెద్ద పాత్రలో కలిపియుంచిరి. చూచుటకు తెల్లగా, చిక్కగా, మజ్జిగవలె నుండెను. అనాసపండు వాసన తప్ప వేరు వాసన తెలియకుండెను. మా పెద్దమ్మగారు మెట్లెక్కి వచ్చి దాహమనిరి. అది వట్టి పండ్లరసమనుకొని నేనే ఒక గ్లాసు నింపి ఆమె చేతికిచ్చితిని. పోయుటకు ముందు ఎవరినిగాని అడుగలేదు. కలిపినవారును పాత్రపై గుర్తు పెట్టలేదు. ఆమె మధురముగా నున్నదని మెచ్చుకొని గ్లాసంతయు త్రాగిరి. ఆమెకు చక్కెరవ్యాధి, మాత్రలు వేసికొనుచుండిరి. రాత్రి భోజనము సరిగా చేయలేదు. అర్ధరాత్రమునకు చెమటలు పట్టి, మాట తడబడెను. వైద్యుడు వచ్చి, రక్తములో చక్కెర పడిపోయినదని కనుగొని, సమయమునకు చికిత్స చేయుటచే గండము గడచెను.

మరునాడు ఆమె నన్ను పిలిచి కోపింపలేదు. ఒక్క మాట మాత్రమనిరి: "చెప్పింటే నేనే వద్దనింటాను గదప్పా." ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. జీవితమంతయు ముట్టని వస్తువును ఆమెకు తెలియకుండ ఆమె నోటికందించితిని. వ్యాధి ఒక రాత్రితో తీరినది. ఆ బాధ తీరలేదు. ఈనాడు ఈ పానీయపు తయారీని మీకు చెప్పుచు, ఆ మాటను మరువకుండ చెప్పెదను.

మొదట దీని పుట్టుపూర్వోత్తరములు. స్పానిషు భాషలో దీని పేరు పిన్యా కొలాడా. అనగా వడగట్టిన అనాసపండు. కరీబియను సముద్రములోని ప్యూర్టోరికో ద్వీపమున, సాన్ హువాన్ నగరపు కరీబే హిల్టన్ హోటలులో రమోన్ మర్రేరో అను పానశాల ఉద్యోగి 1954లో దీనిని నేటి రూపమున కూర్చెనని ప్రసిద్ధి. ఆ గౌరవము తమదేయను ఇతరులును అచ్చట కలరు. 1978లో ఆ ద్వీప ప్రభుత్వము దీనిని తమ అధికార పానీయముగా ప్రకటించినది. టెంకాయ మీగడను డబ్బాలలో నింపి అమ్ము పద్ధతి అదే ద్వీపమున ఏర్పడుటచే ఈ పానీయము త్వరలో లోకమంతట వ్యాపించినది.

అయినను ఇందులోని వస్తువుల జన్మస్థానములను విచారించినచో మనకు ఆశ్చర్యము కలుగును. టెంకాయచెట్టు అమెరికా ఖండపు అట్లాంటికు తీరమునకు సహజమైనది కాదు. పదునారవ శతాబ్దిలో ఐరోపా నావికులు హిందూమహాసముద్రపు జాతిని కొనిపోయి అచ్చట నాటిరి. చెరకును కొలంబసు 1493లో తన రెండవ యాత్రలో అచ్చటికి చేర్చెను. చెరకురసము నుండి చక్కెర తీయు విద్యలో మన దేశము ప్రాచీనమైనది. ఆంగ్లములోని షుగర్ అను మాటకు మన శర్కరయే మూలము. ఇక అనాసపండు దక్షిణ అమెరికాది. పోర్చుగీసువారు దానిని ఆ శతాబ్దిలోనే మన దేశమునకు తెచ్చిరి. అనాస అను పేరు సైతము ఆ ఖండపు ఆదివాసుల భాషనుండి వచ్చినదే. కావున ఈ గ్లాసులో టెంకాయయు చెరకును మన సముద్రము దాటిపోయినవి. అనాస మన ఇంటికి వచ్చినది.

చెరకుతో మనుష్యులును పోయిరి. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి, బట్టిపట్టినచో రమ్మగును. పదునేడవ శతాబ్దిలో బార్బడోసు మొదలగు ద్వీపములందు ఆ పరిశ్రమ పెరిగినది. ఆ తోటలలో చెమటోడ్చినవారు ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడిన జనులు. బ్రిటిషు వలసలలో బానిసత్వము రద్దయిన పిమ్మట, 1834 మొదలు మారిషసునకు, తరువాత నాటాలునకు, ఫిజీకి, కరీబియను దేశములకు మనదేశపు కూలీలను ఒడంబడికపై తరలించిరి. వారిలో తెలుగువారును కలరు. కోరంగి రేవునుండి ఓడ లెక్కుటచే మారిషసులో తెలుగువారికి కోరంగీలను పేరు నిలిచినది. ఆ ఒడంబడిక వలసను 1917లో మనదేశమున నిలిపివేసిరి. మారిషసు తెలుగువారు భాషను నిలుపుకొని, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు తమ దేశమున ఆతిథ్యమిచ్చిరి. ఆ దీవిలో నేటికిని రమ్ములో పండ్లముక్కలు, వెనిలా, ఏలకులు నానవేసి సీసాలలో నిలువ చేయు ఇంటి ఆచారమున్నది. మనవలెనే మాతృభూమికి వెలుపల స్థిరపడిన మన భాషవారి చెమట ఆ చెరకుతోటలలో కలిసియున్నది. కనుక రమ్మును గూర్చి మాటాడునపుడు అది ఎవరో పరాయివారి సంగతియని మనము భావింపరాదు.

ఇక తయారీ. నలుగురికి సరిపడు కొలత చెప్పెదను.

పెద్ద టెంకాయ ఒకటి తీసికొని, చిప్పనుండి తురుమవలెను. ముదురు కాయయే మంచిది. లేతకాయలో నీరెక్కువ, పాలు తక్కువ. తురుమునకు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు చేర్చి మిక్సీలో త్రిప్పి, పలుచని శుభ్రమైన గుడ్డలో వేసి గట్టిగా పిండవలెను. సుమారు 250 మిల్లీలీటర్ల చిక్కని మొదటి పాలు వచ్చును. రెండవసారి పిండిన పలుచని పాలను కూరలకు వాడుకొనవచ్చును. ఈ పానీయమునకు పనికిరావు. వేసవిలో టెంకాయపాలు కొద్ది గంటలలోనే పులియును. కావున ఉదయము తీసి సాయంకాలమునకు బయట ఉంచరాదు. తీసిన వెంటనే చల్లని పెట్టెలో పెట్టవలెను.

అనాసపండు బాగుగా పండినది కావలెను. తొడిమవైపు తీయని వాసన, చేతికి బరువు, క్రింది భాగమున పసుపురంగు దానికి గుర్తులు. పైతోలును, కన్నులను చెక్కి, నడిమి గట్టి భాగమును తీసివేసి, 400 గ్రాముల ముక్కలు కోసికొనవలెను. ముక్కలను ముందుగా చల్లబరచినచో ఐసు తక్కువ పట్టును; పానీయము పలుచబడదు.

ఇచ్చట ఒక జాగ్రత్త. టెంకాయపాలకు బదులు ఆవుపాలనుగాని బర్రెపాలనుగాని పోయరాదు. అనాసలోని బ్రోమెలిన్ అను పదార్థము పాలలోని మాంసకృత్తులను ఖండించును. పాలు విరిగి చేదెక్కును. టెంకాయపాలలో మాంసకృత్తులు తక్కువగుటచే అంత బాధ లేదు. అయినను కలిపిన పిమ్మట గంటలకొలది నిలువ చేయక వెంటనే త్రాగవలెను. తప్పక ఆవుపాలు వాడవలసివచ్చినచో, అనాసముక్కలను కొన్ని నిమిషములు ఉడికించి చల్లార్చినయెడల ఆ పదార్థము నశించును.

మిక్సీలో అనాసముక్కలు, టెంకాయపాలు, చిటికెడు ఉప్పు, ఒక ఏలకి పొడి, రెండు దోసిళ్ల ఐసు వేసి త్రిప్పవలెను. పండు పుల్లగా నున్నచో రెండు మూడు చెంచాల చక్కెర చేర్చుకొనుడు. బెల్లము వేసినచో రంగు మారును గాని రుచి మనకు మరింత ఆత్మీయముగా నుండును. శ్రీరామనవమి పానకము జ్ఞప్తికి వచ్చును. బెల్లమును ముందు కొంచెము నీటిలో కరిగించి వడగట్టుట మరువరాదు. నిమ్మరసము కొన్ని చుక్కలు చాలును, అదియు చివర. అధికమైనచో పాలు విడివడును. టెంకాయనూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టు స్వభావము కలది. కావున అతిచల్లని పానీయములో తెల్లని పలుకులు తేలినచో పాడైనదని భయపడవలదు. మరల ఒకసారి త్రిప్పిన సరిపోవును.

ఇంతటితో పానీయము పూర్తియైనది. ఈ మాటను దయచేసి గమనింపుడు. రమ్ము ఇంకను పడలేదు. అయినను పానీయము పూర్తియైనది. నేడు ఈ సభలో మీకందరకు అందుచున్నది ఇదియే. ఇందులో రమ్ము లేదని నేను కంఠోక్తిగా చెప్పుచున్నాను. నా చేతులతో నేనే చేసితిని.

అనాస దొరకని దినములలో మన నేల పండ్లే కలవు. మామిడికి శ్రీనివాసపురము దూరము కాదు. బంగినపల్లి గుజ్జు 300 గ్రాములు టెంకాయపాలతో కలిపినచో చక్కెర అక్కరయే లేదు. మన చిక్కబళ్లాపుర ప్రాంతపు నల్లద్రాక్షను ఉడికించి, వడగట్టి, చల్లార్చి కలిపినచో ఊదారంగు వచ్చును. దాని పులుపునకు బెల్లము సరిజోడు.

రమ్ము వాడు ఇండ్లవారు ఇక వినవలెను. మొదటి నియమము: రమ్మును మిక్సీలోగాని పెద్దపాత్రలోగాని పోయరాదు. అడిగినవారి గ్లాసులో, వారి కన్నుల యెదుట, చివర, కొలతతో పోయవలెను. ఆనాడు మా మేడపై ఈ ఒక్క నియమమును పాటించియున్నచో మా పెద్దమ్మగారికి ఆ రాత్రి వచ్చియుండెడిది కాదు.

రెండవ నియమము: కొలతను కన్నుతో కాక పాత్రతో చేయవలెను. మందుసీసాతో వచ్చు చిన్న కొలపాత్ర చాలును. గ్లాసునకు 30 మిల్లీలీటర్లు మించరాదు. మనదేశపు రమ్ములో సామాన్యముగా నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉండును. లెక్క వేసినచో 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాములు. ఆరోగ్యవంతుని శరీరము గంటకు ఇంచుమించు ఏడు మొదలు పది గ్రాములను మాత్రమే హరింపగలదు. తీపియు, కొవ్వును, చల్లదనమును రమ్ము ఘాటును నాలుకకు తెలియనీయవు; అవి దాని బలమును మాత్రము తగ్గింపవు. ఇదియే ఈ పానీయములోని మోసము. ఘాటైన సారాయిని నోరే అడ్డగించును. దీనిని నోరు ఆహ్వానించును. చేయువాడు కొలువనిచో త్రాగువాడు ఎరుగజాలడు.

మూడవ నియమము: సీలు చెడని సీసాను అనుమతి గల దుకాణమునందే కొనవలెను. ఇంట బట్టిపట్టుట చట్టవిరుద్ధము, ప్రాణాంతకము కూడ. కల్తీసారాలోని మిథైలు ఆల్కహాలు కన్నులను, ప్రాణమును హరించిన వార్తలు మనము ఎన్నియో విన్నాము. టెంకాయవాసన గల మాలిబు మొదలగు విదేశీ సీసాలలో ఆల్కహాలు నూటికి 21 పాళ్లే. అవి మన రమ్ముకంటె సగము బలము కలవి. కాని చక్కెర అధికము. అట్టి వాసనను ఇంట తెచ్చుకొనుట కష్టము కాదు. దోరగా వేయించిన టెంకాయతురుము ఒక గిన్నెడు, రమ్ము 375 మిల్లీలీటర్లు గాజుసీసాలో ఒక దినము నానవేసి, పిదప చల్లని పెట్టెలో ఉంచినచో నూనె పైకి తేలి గడ్డకట్టును. దానిని తీసివేసి గుడ్డలో వడగట్టిన చాలును. ఆ సీసాపై పేరు వ్రాసి, పిల్లల చేతికందనిచోట తాళము వేసియుంచుట ఇంటివారి ధర్మము.

నాల్గవ నియమము: కొందరికి అడిగినను పోయరాదు. పిల్లలకు, చట్టము అనుమతించిన వయస్సు రానివారికి, గర్భిణులకు, చక్కెరవ్యాధికి మాత్రలుగాని ఇన్సులినుగాని తీసికొనువారికి, నిద్రమాత్రలు వేసికొనువారికి, వైద్యుడు మద్యము వలదన్న ఏ మందునైన వాడువారికి రమ్ము లేని గ్లాసే ఇయ్యవలెను. కాలేయము మద్యమును హరించు పనిలోనున్నపుడు రక్తమునకు చక్కెరను అందింపజాలదు. మా పెద్దమ్మగారికి జరిగినది అదియే. వాహనము నడిపి హిందూపురమో గౌరిబిదనూరో తిరిగి వెళ్లవలసినవారికిని ఇయ్యరాదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు దాటినచో మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము. 60 మిల్లీలీటర్ల రమ్ము త్రాగిన సాధారణ దేహికి ఆ హద్దు తరచు దాటును. ఒక్కొక్కనికి అంతకంటె తక్కువతోనే దాటవచ్చును. కావున నడుపువాడు ముట్టకుండుటయే సరియైన లెక్క.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: చెప్పవలెను. రమ్ము కలిసిన గ్లాసులు వేరు పళ్లెములో, వేరు ఆకారములో నుండవలెను. ఇచ్చునపుడు "ఇందులో రమ్మున్నది" అని నోరు తెరచి చెప్పవలెను. వలదన్నవారిని రెండవమారు బలవంతపెట్టరాదు, ఎందుకని ప్రశ్నింపనురాదు. వ్రతము, వ్యాధి, మందు, భయము, ఇష్టము: ఏదైనను అది వారి సొంత కారణము. రమ్ము లేని గ్లాసు అదే రుచి, అదే రంగు, అదే అలంకారము కలిగియున్నచో వలదన్నవాడు సభలో వేరుగా నిలువనక్కరలేదు. చివర పోయు పద్ధతిలోని సొగసు ఇదియే. ఇంటిలోని అందరకు పానీయమొక్కటే. భేదము ఒక్క కొలపాత్రలో మాత్రమున్నది.

సోదరులారా! మనమీ సీమలో తరతరములుగా కన్నడ సోదరులతో కలిసి జీవించుచున్న తెలుగువారము. మన పెండ్లిపందిళ్లలో రెండు భాషల చుట్టములును, ముట్టువారును, ముట్టనివారును ఒకే పంక్తిలో కూర్చుందురు. అట్టి పంక్తిలో వడ్డించువాని బాధ్యత పెద్దది. భాష తెలియని అతిథికి అతని భాషలో చెప్పి వడ్డింపవలెను. అది మనకు చేతనైన పని.

చివరగా ఈ స్థలమునకు పేరిచ్చినవానిని తలచెదను. ఇచ్చటి అశ్వత్థమును విదురుడే నాటెనని మన పెద్దల నమ్మిక. ఆ మహావృక్షము 2001లో కూలినది. పేరు మాత్రము నిలిచియున్నది. శ్రీకృష్ణుడు రాయబారమునకు హస్తినాపురము వచ్చినపుడు దుర్యోధనుని విందును కాదని విదురుని ఇంట భుజించెను. భక్తి మైమరపులో పండునకు బదులు అరటితొక్కలు పెట్టిన కథ మన తల్లులందరకు తెలిసినదే. ఆ ఇంట పెట్టినది తొక్కయే కావచ్చును. దానిలో కపటము లేదు. విదురుడు రాజసభలోనైనను ఉన్నమాట చెప్పినవాడు. వాని పేర నున్న ఊరిలో మనము అతిథికి ఇచ్చు గ్లాసులో ఏమున్నదో చెప్పకుండుట మనకు తగునా?

నన్నడిగిన ఆ సోదరికి నా జవాబు ఇది. అమ్మా, మనుమని చేయనిమ్ము. టెంకాయ నీవు తురుము; పాలు పిండు విద్య వానికి నేర్పుము. సీసా తెరువవలెనో వలదో మీ ఇంటివారు నిర్ణయించుకొనుడు. తెరచినచో కొలపాత్ర వాని చేతికిమ్ము. చెప్పు మాట వాని నోటికి నేర్పుము.

మా పెద్దమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె బ్రతికియున్నంతకాలము ప్రతి వేసవిలో నేను ఆమెకు టెంకాయపాలు, అనాసపండు, బెల్లము కలిపి ఇచ్చుచుంటిని. ఆమె గ్లాసు పుచ్చుకొని ప్రతిసారియు నా ముఖమువైపు చూచెడివారు. నేను "ఏమీ లేదు పెద్దమ్మా, వట్టి పండే" అనెడివాడను. అప్పుడు త్రాగెడివారు. ఆ నమ్మకమును తిరిగి సంపాదించుటకు నాకు చాల వేసవులు పట్టినవి.